షెల్ స్క్రిప్టా, పైథానా: సర్వర్ పనులకు ఏది ఎక్కడ

రాత్రి 2 గంటలకు డేటాబేస్ బ్యాకప్ తీసి, దాన్ని ఇంకో మెషీన్‌కి పంపి, రెండు వారాలు దాటిన పాతవాటిని చెరిపేసే పని ఒకటి ఉందనుకోండి. అదే ఆఫీసులో నెలాఖరుకి ఫీజుల సీఎస్‌వీ ఫైలు (కామాలతో కాలమ్‌లు విడదీసిన టెక్స్ట్) తీసుకుని ఎవరి బాకీ ఎంతో తేల్చే పని ఇంకొకటి. వినడానికి రెండూ ఒకటే: చిన్న స్క్రిప్టు రాసి, చెప్పిన వేళకి దాన్ని తనే నడిపే క్రాన్‌లో పడేస్తే సరి. మొదటిది బ్యాష్‌లో (లైనక్స్‌లో మామూలుగా వాడే షెల్, అంటే ఆదేశాలు తీసుకుని ప్రోగ్రాములని నడిపేది) 40 లైన్లలో శుభ్రంగా తేలిపోతుంది. దాన్నే పైథాన్‌లో రాస్తే పొడుగు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. రెండోది పైథాన్‌లో 40 లైన్లు. బ్యాష్‌లో మొదలుపెడితే మూడో నెలకి రాసినవాళ్లకే అంతుబట్టదు.

గూగుల్ బయటపెట్టిన షెల్ స్టైల్ గైడ్ 100 లైన్లు దాటితే వేరే భాషలోకి మార్చేయమంటుంది. కొలత మంచిదే, కాకపోతే అది థర్మామీటరు లాంటిది: జ్వరం ఉందని చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ స్క్రిప్టు ప్రోగ్రాములను వరసగా నడుపుతోందా, లేక డేటా లోపలికి దిగి తవ్వుతోందా? ఒక ప్రోగ్రాము తర్వాత ఇంకోదాన్ని పిలవడం, ఫైళ్లు కదపడం, ఫలితం చూసి ఆగడమో సాగడమో తేల్చడం షెల్ పని. కాలమ్‌లు, తేదీలు, మొత్తాలు, ఒకదాంట్లో ఒకటి ఇమిడిన జేసన్ (పేరు-విలువ జంటలుగా రాసే టెక్స్ట్) వచ్చాయంటే అది ప్రోగ్రామింగ్ భాష పని. కింద చెప్పేదంతా ఈ ప్రశ్నకి వివరణే.

బ్యాకప్: షెల్ సొంత గడ్డ

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బ్యాకప్‌నే తీసుకుందాం. డేటాని బయటికి రాసే పీజీ డంప్ అవుట్‌పుట్‌ని పైపులో (ఒక ప్రోగ్రాము అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే దారి) ఫైళ్లు కుదించే జీజిప్‌కి పంపి ఫైల్లో పడేయడం షెల్‌లో ఒకే లైను. పైథాన్‌లో అయితే రెండు ప్రాసెస్‌లు తెరవాలి, ఒకదాని అవుట్‌పుట్‌ని రెండోదాని ఇన్‌పుట్‌కి తగిలించాలి, మన వైపు పైపు కొసని మూసేయడం మరిచిపోకూడదు, రెండు ఎగ్జిట్ కోడ్‌లూ (ముగిసేటప్పుడు ప్రోగ్రాము ఇచ్చే సంఖ్య, సున్నా అంటే విజయం) విడివిడిగా చూడాలి. ఇంత చాకిరీ చేసినా చివరికి నడిచేది ఆ రెండు ప్రోగ్రాములే.

అయితే ఆ ఒక్క లైన్లోనే ఓ గొయ్యి ఉంది. మామూలుగా పైపులో చివరి ఆదేశం ఫలితాన్నే షెల్ మొత్తం పైపు ఫలితంగా తీసుకుంటుంది. పాస్‌వర్డ్ మారి పీజీ డంప్ మొదట్లోనే చతికిలబడినా, జీజిప్ ఆ శూన్యాన్నే శ్రద్ధగా కుదించి సున్నా కోడ్‌తో బయటికొస్తుంది. మీకు మిగిలేది సరిగ్గా 20 బైట్ల ఫైలు. జీజిప్‌కి మైనస్ టీ ఇచ్చి పరీక్షించినా అది బాగానే ఉందంటుంది, ఖాళీ ఇన్‌పుట్‌ని కుదిస్తే వచ్చే సక్రమమైన ఫైలు అదే మరి. ఇలా రెండు వారాలు గడిచాయంటే, పాతవి చెరిపే లైను తన పని తాను చేసుకుపోతూ చివరి మంచి బ్యాకప్‌ని కూడా ఊడ్చేస్తుంది.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. పైన సెట్ ఆదేశంతో మూడు ఆప్షన్లు: మైనస్ ఈ (ఆదేశం విఫలమైతే ఆగు), మైనస్ యూ (లేని వేరియబుల్ వాడితే ఆగు), పైప్‌ఫెయిల్ (పైపులో ఏది విఫలమైనా మొత్తం విఫలమే). తర్వాత కొత్త ఫైళ్ల అనుమతులు తేల్చే యూమాస్క్ 077, లేదంటే డంప్ ఫైలు ఆ మెషీన్ మీద ఉన్న ప్రతి యూజరూ చదవగలిగేలా తయారవుతుంది. నిన్నటిది ఇంకా నడుస్తుండగా ఇవాళ్టిది మొదలవకుండా తాళం వేసే ఎఫ్‌లాక్, తాళం దొరక్కపోతే ఎదురుచూడకుండా వెళ్లిపోయేలా దానికి మైనస్ ఎన్. డంప్‌ని నేరుగా తుది పేరుతో రాయకుండా, అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో రాయండి. మధ్యలో ఆగిపోతే దాన్ని చెరపడానికి, స్క్రిప్టు ముగిసేటప్పుడు నడిచే ట్రాప్ ఎగ్జిట్ పెట్టండి. డంప్ అయ్యాక రెండు పరీక్షలు. సైజు నిన్నటి దానిలో సగం కూడా లేకపోతే ఆగిపోవాలి. విప్పి చూస్తే చివరి కొన్ని లైన్లలో, డంప్ పూర్తయిందని పీజీ డంప్ తానే రాసే వ్యాఖ్య ఉండాలి. రెండూ నెగ్గాకే ఎంవీతో అసలు పేరు పెట్టాలి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్పు ఒక్క దెబ్బలో జరిగిపోతుంది కాబట్టి సగం ఫైలు ఎవరి కంటా పడదు. వేరే పార్టిషన్‌లో ఉన్న టెంప్ డైరెక్టరీ నుంచి తరలిస్తే ఎంవీ లోపల కాపీ చేస్తుంది, ఆ హామీ పోతుంది. ఇంకో మెషీన్‌కి పంపే ఆర్‌సింక్ కూడా నెగ్గిన తర్వాత, అన్నిటికన్నా చివర, ఫైండ్‌తో పాతవి చెరపండి. అందులో ఫైలు వయసు చెప్పే ఎంటైమ్ +14 అంటే 14 రోజులు దాటగానే కాదు. ఫైండ్ పూర్తి 24 గంటల చొప్పున లెక్కగట్టి పైన మిగిలింది వదిలేస్తుంది, కాబట్టి 15 రోజులు నిండినవే చెరుగుతాయి.

(కస్టమ్ ఫార్మాట్‌లో డంప్ తీస్తే కుదింపు లోపలే అయిపోతుంది, జీజిప్ పైపే అక్కర్లేదు. అప్పుడు పరీక్షకి పీజీ రీస్టోర్‌కి మైనస్ ఎల్ ఇచ్చి లోపలి జాబితా వస్తోందేమో చూడాలి.)

సెట్ మైనస్ ఈ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి, దానికి చిల్లులున్నాయి. ఇఫ్ షరతులో పిలిచిన ఫంక్షన్ లోపల అది పనిచేయదు. ఫంక్షన్‌లో లోకల్ అని ప్రకటిస్తూ అదే లైన్లో ఓ ఆదేశం ఫలితాన్ని వేరియబుల్‌కి ఇస్తే, ఆ ఆదేశం విఫలమైనా లోకల్ నెగ్గింది కాబట్టి స్క్రిప్టు సాగిపోతుంది. ప్రకటన ఒక లైను, కేటాయింపు ఇంకో లైను రాయడమే దీనికి మందు. పైప్‌ఫెయిల్‌కీ ఓ ఎదురుదెబ్బ ఉంది: పెద్ద ఫైలుని సార్ట్ చేసి హెడ్‌తో మొదటి లైను తీసుకుంటే, హెడ్ ముందే వెళ్లిపోవడంతో సార్ట్ సిగ్‌పైప్ (అవతల చదివేవాళ్లు లేరన్న సిగ్నల్) తగిలి 141 కోడ్‌తో చస్తుంది. ఏ తప్పూ లేకుండానే స్క్రిప్టు ఆగుతుంది.

ఖాళీ వేరియబుల్ ఎంత చేటో తెలియాలంటే 2015 జనవరిలో, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ ప్రోగ్రాము లైనక్స్ వెర్షన్‌లో బయటపడిన బగ్ చాలు. ఇన్‌స్టాల్ డైరెక్టరీ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ కావడంతో, దాని వెనక స్లాష్, నక్షత్రం తగిలించి రాసిన, ఫైళ్లు చెరిపే ఆర్ఎం ఆదేశం రూట్ నుంచి మొదలెట్టి ఆ యూజర్‌కి చెరిపే హక్కున్న ఫైళ్లన్నిటినీ తుడిచేసింది. చెరిపే లైన్లలో వేరియబుల్ పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం పెడితే అది లేకపోయినా, ఖాళీగా ఉన్నా స్క్రిప్టు అక్కడికక్కడే ఆగుతుంది. మైనస్ యూ మాత్రం అసలు లేని వేరియబుల్‌నే పట్టుకుంటుంది, ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. అందుకని రెండూ కావాలి.

క్రాన్ సంగతి మూడు ముక్కల్లో. చేత్తో నడిపితే నడిచి క్రాన్‌లో నడవకపోతే ముందుగా పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే డైరెక్టరీల జాబితా) చూడండి, అక్కడ సాధారణంగా రెండు డైరెక్టరీలే ఉంటాయి. క్రాన్‌ట్యాబ్ లైన్లో శాతం గుర్తు కొత్త లైనుగా మారిపోతుంది, కాబట్టి తేదీ ఫార్మాట్ అక్కడ రాయకుండా స్క్రిప్టు లోపల రాయండి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే రాత్రి 2 అని రాసింది మనకి ఉదయం 7:30కి నడుస్తుంది, సరిగ్గా జనం లాగిన్ అయ్యే వేళకి.

ఫీజుల ఫైలు: షెల్ చేతులెత్తేసే చోటు

ఇప్పుడు రెండో పని. సీఎస్‌వీలో పేరు, తేదీ, మొత్తం అని మూడు కాలమ్‌లు. కాలమ్‌లు విడదీసే షెల్ పనిముట్టు ఆక్‌తో కామా దగ్గర కోసి మూడో కాలమ్ కూడితే అయిపోయిందనిపిస్తుంది. పరీక్ష ఫైల్లో అవుతుంది కూడా. అసలు ఫైల్లో మొత్తం "1,25,000" అని కోట్స్ మధ్య ఉంటుంది, మన పద్ధతి కామాలతో. ఆక్ కళ్లకి అది మూడు కాలమ్‌లు. ఎర్రర్ ఏమీ రాదు. మూడో కాలమ్‌లో కోట్స్‌తో మొదలైన 1 సున్నాగా లెక్కకొచ్చి, తప్పుడు మొత్తం ధీమాగా అచ్చవుతుంది. ఎక్సెల్ నుంచి వచ్చిన ఫైలైతే ఒకే గడిలో రెండు లైన్ల చిరునామా కూడా ఉండొచ్చు, అప్పుడు లైను అంటే వరస అనే నమ్మకమే పోతుంది. ఆక్‌లో ఒక రకమైన గాక్‌లో 5.3 నుంచి సీఎస్‌వీ ఆప్షన్ వచ్చింది కానీ మీ సర్వర్‌లో ఆ వెర్షన్ ఉందా అన్నది వేరే సంగతి. డెబియన్, ఉబుంటులలో డిఫాల్ట్‌గా ఉండేది మాక్ అనే ఇంకో రకం.

పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్ ఈ కోట్స్‌నీ, లోపలి కొత్త లైన్లనీ సరిగ్గా చదువుతుంది. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్‌కి ఖాళీ స్ట్రింగ్, ఎన్‌కోడింగ్‌కి యూటీఎఫ్-8-సిగ్ ఇవ్వండి. ఎక్సెల్ ఫైలు మొదట్లో పెట్టే మూడు బైట్ల గుర్తు మొదటి కాలమ్ పేరుకి అంటుకుని, "పేరు అనే కాలమ్ లేదు" అన్న వింత ఎర్రర్ రాకుండా ఉంటుంది. మొత్తంలో కామాలు తీసేసి డెసిమల్‌లోకి మార్చండి, ఫ్లోట్‌లోకి వద్దు: 0.1కి 0.2 కలిపితే 0.3 రాని లెక్కతో పైసలు కూడకూడదు. మార్చలేని విలువ వస్తే వరస నంబరుతో సహా ఎర్రర్ రావాలి. చెడ్డ విలువ ముందు నోరు మూసుకోకపోవడమే ఇక్కడ పైథాన్ పెద్ద గుణం.

బ్యాష్ లెక్కల్లో ఇంకో తమాషా. దానికి పూర్ణాంకాలే తెలుసు, పైగా సున్నాతో మొదలయ్యే సంఖ్యని ఆక్టల్ (8, 9 అంకెలే లేని, ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతి) అనుకుంటుంది. తేదీ నుంచి నెల తీసి ఒకటి కలిపే స్క్రిప్టు జనవరి నుంచి జులై దాకా చక్కగా నడుస్తుంది. ఆగస్టు 1న 08 చూసి, ఆ బేస్‌కి విలువ ఎక్కువైందంటూ ఆగిపోతుంది, సెప్టెంబరులోనూ అంతే. అక్టోబరులో తనంతట తాను బాగైపోతుంది! సంఖ్య ముందు 10, హ్యాష్ గుర్తు పెడితే దశాంశంగానే చదువుతుంది. ఇది తెలిసినవాళ్లు రాస్తే ఇబ్బంది లేదు, కానీ తేదీల లెక్క మొదలైందంటేనే భాష మార్చే వేళ అయిందన్నమాట.

వేగం విషయంలో చాలామంది తలకిందులుగా అనుకుంటారు. షెల్ నెమ్మది కాదు. షెల్ లూప్‌లో బయటి ప్రోగ్రాములని పిలవడం నెమ్మది. లక్ష లైన్ల ఫైలుని వైల్ లూప్‌లో చదువుతూ ప్రతి లైనుకీ కట్, సెడ్, డేట్ పిలిస్తే 3 లక్షల ప్రాసెస్‌లు. ఒక్కోదానికి 1 మిల్లీసెకను చొప్పున వేసుకున్నా 5 నిమిషాలు. పైథాన్ లేదా ఒకే ఆక్ ఆదేశం అదే పనిని సెకన్లలో ముగిస్తుంది. మరోపక్క 20 జీబీ లాగ్‌ని సార్ట్ చేయాలంటే షెల్‌లోని సార్ట్‌దే పైచేయి: మెమరీ చాలకపోతే తాత్కాలిక ఫైళ్లలో ముక్కలుగా సార్ట్ చేసి కలుపుతుంది. పైథాన్ సార్టెడ్ మొత్తాన్నీ మెమరీలోకి లాగుతుంది, 8 జీబీ మెషీన్‌లో కెర్నల్ దాన్ని చంపి 137 కోడ్ చేతిలో పెడుతుంది.

తెలుగు అక్షరం వచ్చేసరికి

ఫైల్ పేర్లలోనో డేటాలోనో తెలుగు ఉంటే ఎంపికలో ఇదొక్కటే తీర్పు చెప్పగలదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్ విడిగా లెక్కపెట్టే ఒక్కో గుర్తు) 3 బైట్లు. "తెలుగు" అనే మాట మన కంటికి 3 అక్షరాలు, పైథాన్ లెన్‌కి 6, బైట్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ సీకి 18. ఉబుంటులోని మాక్ కూడా పొడవుని బైట్లలోనే 18 అంటుంది. గాక్ అయితే యూటీఎఫ్-8 లొకేల్‌లో (భాష, ఎన్‌కోడింగ్ చెప్పే సెట్టింగ్) 6. గ్నూ టీఆర్ బైట్లనే చూస్తుంది, ఒక తెలుగు అక్షరాన్ని ఇంకోదానితో మార్చమంటే మొత్తం చెడగొడుతుంది. సెడ్ ఆ పని సరిగ్గా చేస్తుంది, లొకేల్ సరిగ్గా ఉంటే. క్రాన్‌లో లొకేల్ అలా ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి స్క్రిప్టు లోపలే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

లైనక్స్ ఈఎక్స్‌టీ4లో ఫైల్ పేరు హద్దు 255 బైట్లు. తెలుగులో అది 85 కోడ్‌పాయింట్లే, ఒత్తులూ గుణింతాలూ ఒక్కొక్కటీ లెక్కకొస్తాయి. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు 255 యూటీఎఫ్-16 యూనిట్లు కాబట్టి అక్కడ హాయిగా బతికిన పొడుగు పేరు లైనక్స్‌కి కాపీ చేసేటప్పుడు "పేరు మరీ పొడుగు" అని ఆగిపోతుంది. బ్యాకప్ స్క్రిప్టులో ఇది ఒకటి రెండు ఫైళ్లకే జరుగుతుంది, లాగ్ చూడకపోతే ఎవరికీ తెలియదు.

ఇంకా ఇబ్బంది పెట్టేది కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డులు దీన్ని చొప్పిస్తాయి. ఒకరు అది ఉన్న పేరు టైప్ చేస్తారు, ఇంకొకరు లేనిది. చూడ్డానికి దాదాపు ఒకటే, టెక్స్ట్ వెతికే గ్రెప్‌కి మాత్రం వేర్వేరు. ఐత్వపు గుర్తు కూడా యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా గానీ రెండు ముక్కలుగా గానీ ఉండొచ్చు. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో నార్మలైజ్ చేసి, ఆ నాన్ జాయినర్‌ని తీసేసి పోల్చడం రెండు లైన్ల పని. షెల్‌లో దీనికి చేతికందే పనిముట్టు లేదు. తెలుగు పేర్లు పోల్చాలంటే ఆలోచించకుండా పైథాన్ పట్టుకోండి.

విండోస్‌లో లెక్క వేరు

విండోస్‌లో సిస్టమ్‌తో వచ్చే స్క్రిప్టింగ్ అంటే పవర్‌షెల్. 2006లో వచ్చిన దీనికీ బ్యాష్‌కీ పోలిక పేరులోనే. దీని పైపుల్లో పారేది టెక్స్ట్ కాదు, ఆబ్జెక్టులు. సర్వీసుల జాబితా తీసి ఆగిపోయినవి ఏరడానికి కాలమ్‌లు కోయక్కర్లేదు, స్టేటస్ అనే ప్రాపర్టీ అడిగితే చాలు. ఈ కారణంగా షెల్‌కీ భాషకీ మధ్య గీత ఇక్కడ బాగా దూరం జరుగుతుంది. సీఎస్‌వీ, జేసన్, తేదీల లెక్కలు, డెసిమల్ అన్నీ లోపలే ఉన్నాయి. యాక్టివ్ డైరెక్టరీ, సర్వీసులు, రిజిస్ట్రీ, ఈవెంట్ లాగ్ ముట్టుకునే పనికి పైథాన్ ఇన్‌స్టాల్ చేయడం అనవసరపు బరువు. కాలేజీ ల్యాబులో 60 మెషీన్లలో ఒక సెట్టింగ్ మార్చాలంటే 60 చోట్ల పైథాన్ పెట్టడం కన్నా రిమోటింగ్‌తో ఒక పవర్‌షెల్ ఆదేశం పంపడం మేలు. బ్యాచ్ ఫైళ్లని ఉన్నచోట ఉండనివ్వండి, కొత్తవి రాయకండి: తేదీ వేరియబుల్‌ని ముక్కలు కోసే బ్యాచ్ ఫైలు, రీజనల్ సెట్టింగ్ మన పద్ధతి నుంచి అమెరికా పద్ధతికి మారిన రోజున నెలనీ రోజునీ తారుమారు చేస్తుంది. వీబీస్క్రిప్ట్‌ని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో పక్కన పెడుతున్నట్టు చెప్పేసింది, దాన్నుంచి బయటపడాల్సిందే.

కానీ ఏ పవర్‌షెల్? విండోస్‌తో వచ్చేది 5.1. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే 7 వేరు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. తెలుగు డేటా ఉంటే 5.1తో చాలా జాగ్రత్త. అందులో ఎక్స్‌పోర్ట్ సీఎస్‌వీ డిఫాల్ట్ ఆస్కీ: తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారి ఫైల్లో పడతాయి. ఇది చూపులో లోపం కాదు, డేటా పోయినట్టే, వెనక్కి రాదు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని ప్రతిసారీ చెప్పండి. మొదట్లో ఆ మూడు బైట్ల గుర్తు లేకుండా యూటీఎఫ్-8లో సేవ్ చేసిన స్క్రిప్టు ఫైలునే 5.1 పాత కోడ్‌పేజీలో (యూనికోడ్‌కి ముందటి అక్షరాల పట్టిక) చదువుతుంది, కాబట్టి లోపల తెలుగు స్ట్రింగ్‌లు ఉంటే గుర్తుతో సహా సేవ్ చేయాలి. 7లో అన్నిటికీ యూటీఎఫ్-8 డిఫాల్ట్.

విండోస్ మీద పైథాన్ కూడా ఈ బాధ నుంచి పూర్తిగా తప్పించుకోదు. ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే సాధారణంగా 1252 కోడ్‌పేజీ వాడుతుంది. ఉకారపు కొమ్ములో 81, పొల్లులో 8డీ అనే హెక్స్ బైట్లుంటాయి. ఆ కోడ్‌పేజీలో వాటికి అర్థమే లేదు కాబట్టి పైథాన్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది. చిరాకే, కానీ నిశ్శబ్దంగా ప్రశ్నార్థకాలు రాయడం కన్నా వెయ్యి రెట్లు నయం.

పవర్‌షెల్‌లో మిగతా గోతులు: చాలా ఎర్రర్లు స్క్రిప్టుని ఆపవు, ట్రై-క్యాచ్‌కి కూడా చిక్కవు, ఎర్రర్ యాక్షన్ ప్రిఫరెన్స్‌ని స్టాప్‌గా మార్చేదాకా. మార్చినా 5.1లో బయటి ఈఎక్స్‌ఈలు ఇచ్చే కోడ్‌కి అది వర్తించదు, లాస్ట్ ఎగ్జిట్ కోడ్ మీరే చూడాలి. చూసేటప్పుడు రోబోకాపీని మినహాయించండి: దానికి 0 నుంచి 7 దాకా విజయమే, 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని. 8 నుంచే వైఫల్యం. సున్నా కానిదంతా తప్పనుకునే పైథాన్ చెక్ ఆప్షన్ కూడా ఇక్కడ బోల్తాపడుతుంది. పైపు మధ్యలో, పట్టికగా చూపించే ఫార్మాట్ టేబుల్ పెడితే ఆబ్జెక్టులు పోయి అచ్చు సూచనలు మిగులుతాయి; అది ఎప్పుడూ చివర్లోనే.

పైథాన్ ఊరికే రాదు

పైథాన్ వైపు ఇంత చెప్పాక దాని ఖరీదూ చెప్పాలి. షెల్ స్క్రిప్టుని కాపీ చేస్తే నడుస్తుంది. పైథాన్‌కి ముందు ఏ పైథాన్ అన్న ప్రశ్న. ఉబుంటు 22.04లో 3.10, 24.04లో 3.12. సిస్టమ్ పైథాన్ మీద కట్టిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలని విడిగా ఉంచుకునే డైరెక్టరీ) ఆ అప్‌గ్రేడ్‌తో తెగిపోతుంది, మళ్లీ కట్టుకోవాలి. దాన్ని వేరే డైరెక్టరీకి తరలించినా అంతే, లోపలి స్క్రిప్టుల మొదటి లైన్లో పూర్తి దారి రాసి ఉంటుంది. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి, బయటి ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేయనివ్వదు. దాన్ని బలవంతంగా దాటే ఆప్షన్ పేరులోనే సిస్టమ్‌ని విరగ్గొట్టడం అనే మాట ఉంది, పేరుని నమ్మండి. స్టాండర్డ్ లైబ్రరీ కూడా శాశ్వతం కాదు: 3.12లో డిస్ట్‌యుటిల్స్ పోయింది, 3.13లో టెల్నెట్‌లిబ్, సీజీఐ, క్రిప్ట్‌తో సహా 19 పాత మాడ్యూళ్లు పోయాయి. 20 ఏళ్ల కిందటి సాదా షెల్ స్క్రిప్టు ఇవాళ కూడా నడిచే అవకాశమే ఎక్కువ. అప్పటి పైథాన్ 2 స్క్రిప్టు నడవదు.

అందుకని సర్వర్ పనుల పైథాన్‌కి ఒక కట్టుబాటు పెట్టుకోండి: వీలైనంతవరకు స్టాండర్డ్ లైబ్రరీతోనే. సీఎస్‌వీ, జేసన్, పాత్‌లిబ్, సబ్‌ప్రాసెస్, లాగింగ్, ఆర్గ్‌పార్స్, ఎస్క్యూలైట్3, చిన్న చిన్న వెబ్ పిలుపులకి యూఆర్ఎల్‌లిబ్ చాలు. ఒక్క బయటి ప్యాకేజీ కలిసినా ఇన్‌స్టాల్ చేసే బాధ్యత మీ మెడకి చుట్టుకుంటుంది.

షెల్‌కీ వెర్షన్ల గొడవ లేదనుకోకండి. మ్యాక్‌లో ఆపిల్ ఇచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2, తర్వాతి వెర్షన్ లైసెన్సు జీపీఎల్3కి మారడంతో అక్కడే ఆగింది. పేరుతో వెతికే అసోసియేటివ్ అర్రేలు అందులో లేవు. సెడ్ మైనస్ ఐ లైనక్స్‌లో ఒకలా, మ్యాక్‌లో ఇంకోలా. నిన్నటి తేదీ అడిగే పద్ధతీ అంతే. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే ఇంకో షెల్, కాబట్టి బ్యాష్ స్క్రిప్టుని ఎస్‌హెచ్‌తో పిలిస్తే జంట బ్రాకెట్ల దగ్గరే పడిపోతుంది. ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ కంటెయినర్‌లో మామూలుగా బ్యాషూ ఉండదు, పైథానూ ఉండదు. అక్కడ 15 లైన్ల సాదా ఎస్‌హెచ్ రాయడం, లేదంటే గో లాంటి భాషలో ఒకే బైనరీ తయారుచేసి లోపల పెట్టడం, ఈ రెండే నికరమైన దారులు. విండోస్‌లో ఎడిట్ చేసిన స్క్రిప్టు లైను చివర అదనపు క్యారేజ్ రిటర్న్‌తో వచ్చి, ఉన్న ఇంటర్‌ప్రెటర్‌నే లేదనడం అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే. గిట్ ఆట్రిబ్యూట్స్‌లో ఎస్‌హెచ్ ఫైళ్లకి ఎల్ఎఫ్ (లైనక్స్ పద్ధతి లైను ముగింపు) అని ఒక లైను రాసిపెట్టండి.

కలిపి వాడటం, మెల్లగా మార్చడం

చాలా చోట్ల సరైన జవాబు రెండూ. బయటి పెంకు షెల్: లాక్ తీసుకోవడం, ఫైలు తెచ్చుకోవడం, పైథాన్‌ని పిలవడం, దాని ఎగ్జిట్ కోడ్ చూసి ఫలితాన్ని తరలించడం. లోపల గింజ పైథాన్: ఫైలు చదివి, లెక్క తేల్చి, ఫలితం స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి, ఫిర్యాదులు స్టాండర్డ్ ఎర్రర్‌కి పంపడం. ఈ రెండో నియమం తప్పితే పైపులో డేటాతో పాటు హెచ్చరికలూ కలిసిపోయి తర్వాతి మెట్టు తికమకపడుతుంది.

దీనికి పూర్తి విరుద్ధం, పైథాన్‌లో ప్రతి లైనూ ఓఎస్ సిస్టమ్‌తో ఆదేశాలు పిలవడం. అది పైథాన్ చొక్కా తొడుక్కున్న షెల్. షెల్ కోట్స్ గోల పోదు, పైథాన్ ఎర్రర్ల లాభం రాదు. బయటి ప్రోగ్రాము కావాలంటే సబ్‌ప్రాసెస్ రన్, ఆదేశాన్ని లిస్టుగా ఇచ్చి, చెక్ ట్రూ, టైమ్ఔట్ ఒక సంఖ్య. లిస్టుగా ఇస్తే మధ్యలో షెల్ ఉండదు, స్పేసులున్న ఫైల్ పేరు ముక్కలవదు, ఎవరో ఫైల్ పేరులో సెమికోలన్ పెట్టి ఆదేశం నడిపించలేరు. టైమ్ఔట్ లేకపోతే జవాబివ్వని నెట్‌వర్క్ డ్రైవ్ ముందు ఆ ప్రాసెస్ రోజుల తరబడి కూర్చుంటుంది.

ఇప్పటికే 300 లైన్ల బ్యాష్ ఒకటి నెత్తిమీదుంటే మొత్తం ఒకేసారి తిరగరాయకండి. ముందు షెల్ స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ నడపండి. కోట్స్ లేని వేరియబుల్ హెచ్చరికలే ఎక్కువ వస్తాయి, అవి సరిచేస్తేనే సగం ప్రాణం కుదుటపడుతుంది. తర్వాత పైపు లోపల వైల్ లూప్‌లు ఎక్కడున్నాయో చూడండి. అవి సబ్‌షెల్‌లో (విడి ప్రాసెస్‌గా) నడుస్తాయి కాబట్టి లోపల పెంచిన లెక్క బయటికొచ్చేసరికి సున్నా అవుతుంది. ఆ లూప్‌ల చోటే డేటా తవ్వకం జరుగుతున్న చోటు, పైథాన్‌లోకి ముందుగా తీయాల్సిన ముక్క అదే. జేసన్ ఒక విలువ తీయడం వరకే అయితే జేక్యూ చాలు. రెండు జేసన్ ఫైళ్లని కలిపి పోల్చాల్సి వస్తే వద్దు.

మార్చిన ముక్కని వెంటనే పాతదాని స్థానంలో పెట్టకుండా రెండిటినీ ఒక నెల పక్కపక్కన నడపండి. పాతదాని ఫలితమే వాడుకలో ఉండాలి, కొత్తది వేరే డైరెక్టరీలో రాయాలి, రోజూ డిఫ్ (రెండిటి మధ్య తేడాల జాబితా) మెయిల్‌కి రావాలి. వారం చాలదు: నెలాఖరు ఫైలు, ఖాళీ ఫైలు వచ్చే సెలవు రోజు, 31వ తేదీ అన్నీ ఒకసారైనా తగలాలి. తేడా వచ్చిన రోజున కొత్తదే తప్పని అనుకోకండి. ఆక్ కామాల దగ్గర కోసిన పాత మొత్తాలు అన్నాళ్లూ తప్పుగా ఉన్నాయని తేలితే, డిఫ్ ఫైలు పట్టుకుని ముందు అకౌంట్స్ వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది.